కంది కొత్త: మన పప్పు కుండ చరిత్ర

మైదానం ఊళ్ళలో పెళ్ళీడుకొచ్చిన కుర్రవాడు కనిపిస్తే "పప్పన్నం ఎప్పుడు పెడతావురా?" అని అడుగుతారు. పప్పన్నమంటే అక్కడ పెళ్ళి భోజనం. మా సీతంపేట కొండల్లో పుష్యమాసం వచ్చేసరికి వినిపించే ప్రశ్న వేరు. సంతలో చుట్టాలు కలిస్తే "మీ ఊళ్ళో కంది కొత్త అయ్యిందా?" అని అడుగుతారు. కాలేదంటే ఆ ఊళ్ళో ఇంకా ఎవరూ కొత్త కందులు నోట పెట్టలేదని అర్థం. చేలో కాయ ఎండి గలగలలాడుతున్నా సరే, పండగ జరిగేదాకా కొత్త పప్పు పొయ్యెక్కదు.

రెండు ప్రశ్నలూ ఒకే గింజ గురించి. తెలుగువారి భోజనం గురించి మాట్లాడేటప్పుడు ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ మాట వస్తుంది గాని కొండ మాట అరుదుగా వస్తుంది. ఆ గింజ పుట్టిల్లు ఏదో, దాన్ని కడుపు నింపే కూడుగా ఎవరు నిలబెట్టుకున్నారో మనవాళ్ళకి తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కంది ఆఫ్రికాలో పుట్టిందని ఒకప్పుడు కొందరు వృక్ష శాస్త్రజ్ఞులు అనుకునేవారు. తూర్పు ఆఫ్రికాలో దాన్ని చాలాకాలంగా పండిస్తున్నారు. అక్కడినుంచి అది బానిసల ఓడలతోపాటు కరీబియన్ దీవులకి కూడా వెళ్ళింది. కాని ఏ పంటకైనా పుట్టిల్లు వెతకాలంటే దాని అడవి చుట్టాన్ని వెతకాలి. కందికి అతి దగ్గరి అడవి చుట్టం శాస్త్రజ్ఞుల భాషలో 'కజానస్ కజానిఫోలియస్'. అది ఆఫ్రికాలో లేదు. ఒడిశా కొండల్లో, బస్తర్ అడవుల్లో, ఉత్తరాంధ్ర తూర్పు కనుమల్లో ఉంది. చూడటానికి కంది మొక్కలాగే ఉంటుంది. తేడా కాయలో తెలుస్తుంది. అడవి కంది కాయ ఎండగానే పగిలి గింజను నేల మీద చిమ్మేస్తుంది. చేలో కంది కాయ మనం కొట్టేదాకా గింజను పట్టుకునే ఉంటుంది. కాయ పగలని చెట్టు చూసి, దాని గింజ దాచి, మళ్ళీ అదే విత్తి, తరాల తరబడి మనుషులు చేసిన పని ఆ తేడాలో ఉంది.

ఒడిశాలో గోపాల్‌పూర్, గోల్‌బాయి శాసన్ అనే చోట్ల తవ్వకాల్లో సుమారు మూడు వేల ఏళ్ళ కిందటి కంది గింజలు మాడిపోయిన రూపంలో దొరికాయి. మాడిన గింజ అంటే పొయ్యి దగ్గర పడిన గింజ. ఎవరో ఒక తల్లి కుండలో పోస్తుంటే జారిపడినది కావచ్చు. ఇటీవలి జన్యు పరిశోధనలు మధ్యప్రదేశ్ వైపు కూడా వేలు చూపిస్తున్నాయి. అక్కడైనా, ఇక్కడైనా, మధ్య భారతం నుంచి తూర్పు కనుమల దాకా పరచుకున్న ఈ నేల ఆదివాసుల నేలే. ఆనాటి రైతులు ఏ తెగవారో, ఏ భాషవారో గింజ చెప్పదు. వాళ్ళు మా తాతలే అని నేను దబాయించను. ఆ పనిని ఈనాటిదాకా తెంపకుండా కొనసాగించినవాళ్ళలో మేమూ ఉన్నాం అనడానికి మాత్రం వెనకాడను.

పోడులో కందిని ఒంటరిగా వేయరు. సామ, చోడి, కొర్ర, జొన్న, బొబ్బర, చిక్కుడు అన్నీ కలిసి ఒకే వాలు మీద పెరుగుతాయి. తొలకరికి విత్తితే సామ, కొర్ర ముందు చేతికొస్తాయి. తర్వాత చోడి వస్తుంది. అన్నీ కోసుకున్నాక కంది ఒక్కటే కొండ మీద నిలబడి ఉంటుంది. మన పాత రకాలు పుష్య, మాఘ మాసాల దాకా పంటకి రావు. అంత ఆలస్యం ఎందుకని కొందరు ఎగతాళి చేశారు. ఆ ఆలస్యంలోనే మేలుంది. వాన వెళ్ళిపోయాక కూడా లోతుకి దిగిన వేరు అడుగు తడిని తాగుతుంది. గాలిలోని నత్రజనిని వేరు బుడిపెల్లో నిలవ చేస్తుంది. రాలిన ఆకు నేలకి ఎరువవుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. కంది వేరు నుంచి ఊరే ఒక ఆమ్లం ఎర్రనేలల్లో ఇనుముతో ముడిపడి ఉన్న భాస్వరాన్ని విడదీస్తుంది. అంటే కంది తన తిండి తాను తినడమే కాక, తర్వాత వచ్చే పంటకి కూడా కొంత వండి పెడుతుంది. పోడులో కంది లేకుండా ఎందుకు వేయరాదో మా ముసలివాళ్ళు ఆమ్లం పేరు చెప్పకుండానే చెప్పేవారు: "కంది నిలిచిన చోట మరుసటేడు సామ బాగుంటుంది."

ఇక కుండ దగ్గరికి వద్దాం. మైదానం విస్తట్లో పప్పు అన్నంలోకి మొదటి కలుపు. దాని వెనక కూర, పులుసు, పెరుగు వరసగా వస్తాయి. మా ఇళ్ళలో పప్పు ఉన్న రోజు వేరే కూర ఉండదు. అదే కూర, అదే పులుసు, అదే బలం.

మా అమ్మమ్మ కందుల్ని ఎర్రమట్టి నీళ్ళలో కలిపి, మట్టి పట్టించి, ఎండలో ఆరబెట్టేది. మట్టి పట్టి ఎండిన గింజ పొట్టు సులువుగా వదులుతుంది. తర్వాత తిరగలిలో బద్దలు చేసి చేటతో చెరిగేది. పొట్టంతా పోవాలని పట్టుదల లేదు. సగం పొట్టు ఉన్న పప్పుకే రుచి అనేది. సోలెడు పప్పు కడిగి, కుండలో మూడింతల నీళ్ళు పోసి, కొండ పసుపు కొమ్ము దంచి వేసి, కర్ర పొయ్యి మీద సన్నటి సెగన పెట్టేది. పప్పు సగం ఉడికాక గుమ్మడి ముక్కలు వేసేది. వానాకాలమైతే ఉడికించి నీళ్ళు వంపేసిన వెదురు కొమ్ములు, ఎండాకాలమైతే చింతచిగురు. ఏదీ లేనినాడు గుప్పెడు మునగాకు. పప్పు మెత్తబడకముందు పులుపు తగలనిచ్చేది కాదు. ముందే చింతపండు పడితే గింజ బిర్రబిగుసుకుని ఎంత కర్ర తగలబెట్టినా ఉడకదు. చింతచిగురైనా అందుకే చివర్లోనే వేసేది. ఉప్పు, దంచిన మిరప, వెల్లుల్లి చివరికి. నూనె పోపు పండగనాడే. గరిటెతో మెదిపితే సగం పప్పు కరిగి చిక్కటి రసమవుతుంది, సగం పలుకుగా మిగులుతుంది. అది సామన్నం మీద పోసుకుంటే గంటల తరబడి కొండెక్కినా ఆకలి కాదు.

దీనికీ లెక్క ఉంది. కందిపప్పులో ఐదోవంతుకు పైగా మాంసకృత్తులే. సామ, చోడి లాంటి గింజల్లో లైసిన్ అనే పోషకం తక్కువ, పప్పులో ఎక్కువ. రెండూ కలిసి తింటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. వేటకి జంతువు దొరకని రోజున, కోడిని కోయలేని ఇంట్లో బిడ్డలు పెరిగింది ఈ కుండ మీదే. వానాకాలం కరువు నెలల్లో మామిడి టెంక పిండి అంబలి, జీలుగు పిండి అంబలి తాగి బతికిన ఇళ్ళలో కూడా ఆనప బుర్రలోని విత్తనపు కందుల్ని ముట్టేవారు కాదు. ఆకలికి తినడానికి ఒక కుండ, వచ్చే ఏటికి ఒక బుర్ర. ఈ రెండూ కలిపేవాళ్ళని ఊరు క్షమించేది కాదు.

కంది కొత్త అర్థం ఇక్కడ తెలుస్తుంది. దిసరి రోజు చెబుతాడు. ఎజ్జోడు కొత్త గింజను ముందు నేలకీ, కొండకీ, చనిపోయిన పెద్దలకీ పెడతాడు. కోళ్ళు కోస్తారు, డప్పు మోగుతుంది. తర్వాతే ఇంటింటా కొత్త పప్పు వండుతారు. పైనుంచి చూస్తే అది పూజ. లోపల ఒక కట్టుబాటు ఉంది. పండగ అయ్యేదాకా ఎవరూ తినరాదంటే, పచ్చి కాయను ఆకలికి తెంపేయరాదు. గింజ పూర్తిగా ముదరాలి. మంచి చెట్టు ఏదో చూసుకుని విత్తనం పక్కన పెట్టే గడువు దొరకాలి. ఊరంతా ఒకే రోజు తింటే ఎవరి చేను ఎలా పండిందో, ఎవరింట్లో గింజ లేదో అందరికీ తెలుస్తుంది. విత్తనాన్ని కాపాడే చట్టాన్ని మనవాళ్ళు కాగితం మీద రాయలేదు, పండగలో పెట్టారు.

కాగితం మీద రాసిన చట్టాలు వేరేవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల గీతలు పడ్డాయి. పోడు చేసేవాడు అడవిని కాల్చే నేరస్థుడయ్యాడు. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 నుంచి 1924 దాకా మన్యం తిరగబడటానికి ఉన్న కారణాల్లో పోడు మీద ఆంక్షలు ఒకటి. దాన్ని బ్రిటిషు వారి మీద పోరాటంగా మాత్రమే చదివితే సగం చదివినట్టు. అది కూటి కుండ కోసం జరిగిన పోరాటం కూడా. తర్వాత షావుకారు వచ్చాడు. వానాకాలంలో కుంచెడు గింజ అప్పిచ్చి, పంట చేతికొచ్చాక కందులూ చింతపండూ కొలుచుకుపోయాడు. అప్పు మాత్రం తరగలేదు. ఈ దోపిడీని తగ్గించాలని 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అయినా మంట ఆరలేదు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయాక శ్రీకాకుళం కొండలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. 1970లో ఒకటో నంబరు చట్టం వచ్చి ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్ళకుండా గట్టి అడ్డుకట్ట వేసింది.

భూమికి కొంత అడ్డుకట్ట దొరికింది. గింజకి దొరకలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. ఆ బియ్యంతో సామన్నం వెనకబడింది. పోడు వాలుల మీద జీడిమామిడి తోటలు పరచుకున్నాయి. జీడి డబ్బు తెచ్చింది, దాన్నీ కాదనను. కాని చెట్టు నీడ కమ్మాక కింద కంది పండదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కి ముందునుంచి సాగులో ఉన్న భూమి మీద హక్కు గుర్తించింది. పట్టా వచ్చేనాటికి చాలా ఇళ్ళలో ఆ భూమిలో వేయడానికి పాత విత్తనం లేదు.

ఇప్పుడు సంతలో దొరికే పప్పు నున్నగా, పచ్చగా, ఒక్క పొట్టు ముక్క లేకుండా ఉంటుంది. అది ఎక్కడ పండిందో అమ్మేవాడికీ తెలియదు. దేశంలో కందులు చాలక 2016లో భారత ప్రభుత్వం మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం చేసుకుంది. మన కొండల చుట్టుపక్కల పుట్టిన గింజ ఆఫ్రికా వెళ్ళి, సముద్రం దాటి, సంచుల్లో మళ్ళీ మన సంతకి వస్తోందన్నమాట. ఆఫ్రికా రైతు మీద నాకు కోపం లేదు. అతనూ మనలాంటి వాడే. బాధ మన బుర్ర ఖాళీ అయినందుకు.

మూడేళ్ళ కిందట మా ఊరి కంది కొత్తకి కుండలో పడింది సంతలో కొన్న పప్పు. ఎజ్జోడు మామూలుగానే పూజ చేశాడు. అందరం తిన్నాం. ఒక ముసలమ్మ మాత్రం ఆకు ముందు కూర్చుని "కొన్న గింజకి కొత్తేమిటిరా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. ఆ మరుసటి వారం ఆమె తన అటక మీద నుంచి ఆనప బుర్ర దించి, బూడిదలో దాచిన ఎర్రచారల కందులు రెండు సోలలు నలుగురికి పంచింది. నాకూ ఒక పిడికెడు వచ్చింది. అందులో మూడొంతులు మొలిచాయి.

మా సవర భాషకి గిడుగు రామమూర్తి గారు నిఘంటువు రాశారు. అది 1938లో అచ్చయింది. మాట పోకుండా అది కాపాడింది. ఇక్రిశాట్ విత్తన నిధిలో 13 వేలకు పైగా కంది రకాలు చలిగదుల్లో భద్రంగా ఉన్నాయి. అదీ మంచిదే. కాని చలిగదిలో ఉన్న విత్తనానికి మన వానలు తెలియవు, మన పండగ తెలియదు. అది ఏటేటా మన వాలు మీద మొలిచి, మన తెగుళ్ళు తట్టుకుని, మన కుండలో ఉడకాలి.

కాబట్టి ఈ చిన్న పుస్తకం చదివే అక్కలకి, అన్నలకి నా మాట ఒక్కటే. మీ ఊళ్ళో అటకలు వెతకండి. ముసలివాళ్ళని అడిగి రకాల పేర్లు రాసుకోండి. ఏది ఎంత కాలానికి పండుతుందో, ఏది త్వరగా ఉడుకుతుందో కూడా రాయండి. జీడితోట గట్టున నాలుగు సాళ్ళయినా కంది వేయండి. మా ఊళ్ళో ఆ నలుగురం వేసిన గింజ నిరుడు కుంచెడయింది. ఈ పుష్యమాసంలో కుండలో పోయడానికి చాలదు గాని, సంత పప్పులో ఒక సోలెడు కలపడానికి సరిపోతుంది. ముసలమ్మని ముందు వరసలో కూర్చోబెడతాం.