ఆకుపొగ, కాగితపుపొగ



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ వాడకు పోయినను, చాట ఒడిలో నుంచుకొని బీడీలు చుట్టు స్త్రీలు కనబడుదురు. సిరిసిల్లలో మగవారికి మగ్గము, ఆడువారికి చాట జీవనాధారములై తరములు గడచినవి. అచ్చటనే రచ్చబండకడ ఒక మాట వినవచ్చును: "సిగరెట్టులో మందులు కలుపుదురు, బీడీ వట్టి ఆకు, వట్టి తంబాకు, దానికేమి దోషము?" ఈ మాట యెట్లు పుట్టినదో, అందు నిజమెంతయో నేడు విచారింతము.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అది అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో వచ్చి, దక్కనున వ్యాపించినది. 1617లో జహంగీరు పాదుషా పొగత్రాగుటను నిషేధించెను. ఆజ్ఞ నిలువలేదు, అలవాటు నిలిచినది. తునికాకులో పొగాకు చుట్టిన బీడీ తరువాతి కాలమునకు చెందినది. 1905లో స్వదేశీ ఉద్యమము బయలుదేరగా, సీమసిగరెట్టు విడిచి బీడీ పట్టుట దేశాభిమానముగా నెంచబడెను. మనదన్న అభిమానమే మేలైనదన్న నమ్మకముగా మారినది.

ఆ నమ్మకమునకు చట్టమును కొంత తోడైనది. 1975 నాటి చట్టము సిగరెట్టు పెట్టెలమీద హెచ్చరిక వ్రాయవలెనని విధించెను గాని, బీడీకట్టల నడుగలేదు. 2003 చట్టముతో గాని బీడీ ఆ కట్టుబాటులోనికి రాలేదు. హెచ్చరిక లేనిచోట హాని లేదని జనులు తలచుట సహజమే కదా!

సిగరెట్టునుగూర్చిన మాటలో నిజమున్నది. చక్కెర, కోకో, అతిమధురము, పిప్పర్మెంటుపువ్వు మొదలగునవి అందు చేర్చబడును. 1994లో అమెరికా కంపెనీలు బయటపెట్టిన పట్టీలో అట్టి పదార్థములు 599 కలవు. తినునప్పుడు తీపియైన చక్కెర, కాలినప్పుడు ఎసిటాల్డిహైడు అను విషమును పుట్టించును. పిప్పర్మెంటుపువ్వు గొంతును చల్లబరచి పొగ మంటను మరపించును. త్రాగువాడు మరింత లోతుగా పీల్చును.

అయినను అసలు విషము చేర్పులది కాదు, పొగది. పొగాకు కాలినప్పుడు 7,000కు మించిన రసాయనములు పుట్టును. వానిలో సుమారు 70 రాచపుండు కలిగించునవి. ఏ మందును కలుపని బీడీలోను ఇవి యుండును. పైగా తునికాకు గాలిని చొరనీయదు. బీడీ ఆరిపోకుండుటకై గట్టిగా, మాటిమాటికి పీల్చవలెను. అందుచే చిన్నదైన బీడీనుండి సిగరెట్టుకంటె ఎక్కువ తారు, నికోటిను, కార్బను మోనాక్సైడు లోనికి పోవును.

చుట్టువారి సంగతి వేరు. వారు పొగ త్రాగకయే పొగాకు పొడి పీల్తురు. నికోటిను చేతుల చర్మముగుండ నెక్కును. 1966లో బీడీ కార్మికుల చట్టము, 1976లో సంక్షేమనిధి చట్టము వచ్చినవి. బీడీ మానుడని చెప్పుట సులభము. చాట విడిచిన యిల్లాలికి ఏమి పని చూపుదమనుట కష్టమైన ప్రశ్న. రెండింటిని కలిపి యోచించుట న్యాయము.

ఊరిలో మీ మాటకు విలువ యున్నది. బీడీ నిర్దోషియని మీ నోట వచ్చిన, కుఱ్ఱవాడు నమ్మును. పొగ మానిన నాటినుండి అపాయము తగ్గుచు వచ్చునని చెప్పినను నమ్మును. ఏ మాట చెప్పవలెనో మీరే నిర్ణయింపుడు.