తెలుగునాట సాంఘిక శాస్త్రముల తొలి పాఠములు

ఉన్నత పాఠశాలలో చదువు విద్యార్థిని సాంఘిక శాస్త్రమన నేమని యడిగినచో, రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు, నదులు, రాజధానులు కంఠస్థము చేయుటయే యని బదులు వచ్చుట సామాన్యము. పరీక్ష ముగిసిన మఱునాడే ఆ పేర్లు మఱపున పడును. గణితము, ప్రకృతి శాస్త్రములు బుద్ధికి పదును పెట్టుననియు, చరిత్రము జ్ఞాపకశక్తికి బరువు మాత్రమే పెట్టుననియు పెద్దలలో సైతము పలువురి యభిప్రాయము. కాని ఈ విద్య తెలుగునాట నెట్లు వేరూనినదో, దానికై ఎవరెవరు పాటుపడిరో తెలిసికొనినచో ఆ యభిప్రాయము నిలువదు.

చరిత్రము గడచిన కాలమును, భూగోళము నేలను నీటిని, పౌరశాస్త్రము పరిపాలనమును, అర్థశాస్త్రము సంపద పుట్టుకను పంపకమును విచారించును. ఈ నాలుగింటికిని వస్తువు ఒక్కటియే. అది మనుష్యుడు తోడి మనుష్యులతో కలసి బ్రదుకు విధము. అందుచేతనే 1952లో భారత ప్రభుత్వము నియమించిన మాధ్యమిక విద్యా సంఘము, వీనిని ఒక్క పాఠ్యవిషయముగా కలిపి బాలబాలికల కందఱకును బోధింపవలెనని 1953 నాటి తన నివేదికలో సూచించెను. ఆ సంఘమునకు అధ్యక్షత వహించిన డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు గారు కర్నూలున జన్మించినవారు. అయితే పాఠశాల ఈ విద్యను చేరదీయుటకు అర్ధ శతాబ్దమునకు ముందే తెలుగుదేశమున దానికి బీజములు పడినవి. ఆ బీజములు పడినది తరగతి గదులలో కాదు, ఇండ్లలోను, గ్రంథాలయములలోను.

ఒక సోదరి వేసిన ప్రశ్న

1874లో కృష్ణా మండలమున జన్మించిన భండారు అచ్చమాంబ గారికి పాఠశాలలో చదువుకొను భాగ్యము కలుగలేదు. బాల్యముననే వివాహమై ఆమె మధ్యపరగణాలకు వెడలిపోయెను. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువునకై అక్క యింటికి చేరగా, అతని చదువుతోపాటు ఆమె చదువును సాగెను. ఆమె తెలుగును, మఱికొన్ని భాషలను స్వయంకృషితో నేర్చెను.

స్త్రీలు బుద్ధిబలము లేనివారనియు, విద్య కర్హులు కారనియు ఆనాడు పలువురు వాదించుచుండిరి. ఆమె ఆ మాటకు కోపముతో బదులు చెప్పలేదు. ‘అది నిజమా?’ యని ప్రశ్నించుకొనెను. దేశచరిత్రమును వెదకి, రాజ్యములేలిన స్త్రీలు, శాస్త్రములు నేర్చిన స్త్రీలు, కవిత్వము చెప్పిన స్త్రీలు ఎందఱున్నారో చూచెను. వారి జీవితములను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను గ్రంథముగా కూర్చెను. అందలి మొదటి భాగము 1901లో వెలువడెను. 1905లో, పిన్న ప్రాయముననే ఆమె గతించెను. అయినను ‘స్త్రీలకు సాధ్యము కాదు’ అను సామాన్య వాక్యము నెదుట ‘ఇదిగో సాధించినవారు’ అని సాక్ష్యములు నిలిపిన ఆ గ్రంథమును సాంఘిక శాస్త్రమునకు తెలుగునాట తొలి పాఠములలో నొకటి యనవచ్చును.

ఒక సోదరుడు కట్టిన వేదిక

అక్క యొంటరిగా చేసిన పనిని తమ్ముడు పదిమందిని కూర్చి చేసెను. లక్ష్మణరావు గారు 1900లో కలకత్తా విశ్వవిద్యాలయము యొక్క ఎం.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులై, మునగాల సంస్థానమున ఉద్యోగమున ప్రవేశించిరి. మఱుసటి యేడే, అనగా 1901 సెప్టెంబరు 1వ తేదీన, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపనలో లక్ష్మణరావు గారితోపాటు మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారును, రావిచెట్టు రంగారావు గారును పాలుగొనిరి. నిజాము రాష్ట్రమున నాడు రాజభాష ఉర్దూ. తెలుగు పుస్తకమునకు ఒక గదిని కల్పించుటయే అచ్చట గొప్ప కార్యము.

గది యేర్పడినది, అందుంచుటకు పుస్తకము లేవి? కావ్యములు, పురాణములు, శతకములు సమృద్ధిగానే యుండెను. దేశచరిత్రమును, అర్థశాస్త్రమును, ప్రకృతి శాస్త్రమును తెలిసికొనగోరు తెలుగువాడు మాత్రము ముందుగా ఇంగ్లీషు నేర్వవలసి యుండెను. ఇంగ్లీషు రానివానికి ఆ తలుపులు మూసియే యుండెను. ఆ తలుపులు తెఱచుటకై 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి నెలకొల్పబడెను. కొలది కాలమునకే అది మద్రాసునకు తరలెను.

మండలి తొలి ప్రచురణము 1907లో వెలువడిన అబ్రహాము లింకను చరిత్రము. దానిని రచించినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. అమెరికాలో బానిసత్వమును రూపుమాపిన మహనీయుని కథ, పరపాలనలోనున్న తెలుగు పాఠకునకు కేవలము దూరదేశపు వృత్తాంతముగా తోచియుండదు. ఆ మఱుసటి సంవత్సరమే, 1908లో, ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతలకై ప్రభుత్వము హరిసర్వోత్తమరావు గారిపై రాజద్రోహ నేరము మోపి కారాగారమున కంపెను. మనుష్య సమాజమును గూర్చి నిర్భయముగా ఆలోచించుట ఆ కాలమున ఎంతటి వెల గలిగినదో దీనివలన తెలియును. చెఱ విడిచిన తరువాత ఆయన గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును జీవితమును ధారపోసిరి.

లక్ష్మణరావు గారు స్వయముగా హిందూ మహాయుగమును, మహమ్మదీయ మహాయుగమును వ్రాసిరి. చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ ప్రథమ భాగము 1910లో వెలువడెను. వీరభద్రరావు గారు కళాశాలాచార్యులు కారు, పత్రికారచయితలు. కట్టమంచి రామలింగారెడ్డి గారు అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిరి. ఆయనయే తరువాత 1926లో నెలకొన్న ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమోపాధ్యక్షులైరి. పిదప లక్ష్మణరావు గారు సర్వశాస్త్రములను అకారాదిగా వివరించు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ను తలపెట్టి, మూడు సంపుటములు వెలువరించిరి. అకారము దాటకమునుపే, 1923 జులై 12వ తేదీన, ఆయన పరమపదించిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930వ దశకమున ఆ కార్యమును మరల చేపట్టిరి.

సాక్ష్యమును తూచు విధము

ఈ పెద్దలు తెలుగువారికిచ్చినది సమాచారము మాత్రమే కాదు, ఒక పద్ధతి. విన్నది వేఱు, కన్నది వేఱు, ఊహించినది వేఱు అని విడదీసి చూచుటయే ఆ పద్ధతి.

ఒక యుదాహరణము. నన్నయభట్టు ఎప్పటివాడను ప్రశ్నకు కథలు చాలవు. నందంపూడి తామ్రశాసనము దానికి గట్టి యాధారము. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టునకు ఆ గ్రామమును అగ్రహారముగా నిచ్చుటను తెలుపు ఆ శాసనమును రచించినది నన్నయభట్టే. రాజరాజు పదునొకండవ శతాబ్దివాడని ఇతర శాసనములవలన తెలియుచున్నది. కావున కవి కాలమును తేలినది. కావ్యము చెప్పని దానిని భూమి దానపత్రము చెప్పినది.

మఱియొక యుదాహరణము గ్రామ కైఫీయతులు. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున కర్నల్ మెకంజీ పక్షమున, ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులును వారి సహాయులును ఊరూర తిరిగి, కరణముల యొద్దనుండి స్థలవృత్తాంతములు సేకరించిరి. వానిలో ఊరికి పేరు వచ్చిన కథయు, దేవాలయ మహిమయు, చెఱువు త్రవ్వించినవారి పేరును, మాన్యముల వివరమును కలగలిసి యుండును. అమాయకుడు అన్నిటిని నమ్మును. తొందరపాటువాడు అన్నిటిని త్రోసివేయును. చరిత్రకారుడు మాత్రము కైఫీయతును శాసనముతో పోల్చి, సరిపోయినదానిని గ్రహించును; సరిపోని కథను గూర్చి, అది యేల పుట్టినదని విచారించును. కథ నిజము కాకపోయినను, దానిని చెప్పుకొనిన జనుల మనస్సు నిజమే కదా.

లెక్కించి చెప్పిన సమాధానము

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకప్పుడు ఒక మాట పుట్టెను. గోలకొండ పత్రికను 1926లో స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డి గారు దానికి ప్రతివాదము చేయుటతో తృప్తిపడలేదు. ఊరూరినుండి కవుల వివరములు, పద్యములు తెప్పించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించిరి. అందు 354 మంది కవులుండిరి. ఆ సంఖ్య నెదుట ఆ మాట నిలువలేదు. అచ్చమాంబ గారు స్త్రీల విషయమున నడచిన త్రోవనే ప్రతాపరెడ్డి గారు ఒక ప్రాంతము విషయమున నడచిరని చెప్పవచ్చును.

1949లో ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడెను. రాజుల వరుసను ప్రక్కకు త్రోసి, తెలుగువారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వర్తకములు చేసిరి, ఏ మూఢ విశ్వాసములకు లోబడిరి యను ప్రశ్నలను ఆయన కావ్యములను శోధించి విచారించిరి. పండితులు అలంకారముల కొఱకు చదివిన పద్యములలో ఆయనకు సామాన్యుని కంచము, వస్త్రము, ఇల్లు కనబడెను. 1955లో తెలుగునకు తొలిసారిగా లభించిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఈ గ్రంథమునకే వచ్చినది. గ్రంథకర్త మాత్రము 1953లోనే కీర్తిశేషులైరి.

గ్రామమే ప్రయోగశాల

ఈ చరిత్రమంతయు గ్రంథాలయములతో పెనవేసికొని యున్నది. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడి, పల్లెపల్లెను పఠన మందిరము వెలయవలెనను ఆశయమును వ్యాపింపజేసెను. లక్ష్మణరావు గారి విజ్ఞాన సర్వస్వమున పనిచేసిన మల్లంపల్లి సోమశేఖరశర్మ గారు విశ్వవిద్యాలయ పట్టభద్రులు కారు. గ్రంథాలయములలోని పఠనముచేతను, శాసన పరిశోధనముచేతను ఆయన రెడ్డిరాజ్యముల చరిత్రమును వ్రాయగలిగిన పండితులై, ఆంధ్ర విశ్వవిద్యాలయమున చరిత్ర పరిశోధకులకు మార్గదర్శకులైరి. పట్టము లేనివానికి గ్రంథాలయము తలుపు మూయదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

సాంఘిక శాస్త్రము నారంభించు బాలునకు, బాలికకు ఆ పెద్దల త్రోవ నేటికిని తెఱచియే యున్నది. ప్రకృతి శాస్త్రమునకు ప్రయోగశాల కావలెను. ఈ శాస్త్రమునకు సొంత ఊరే ప్రయోగశాల. ఊరి చెఱువు నెవరు త్రవ్వించిరి? దాని క్రింద నాడెంత పొలము పాఱెను, నేడెంత పాఱుచున్నది? గుడి ముందరి రాతిమీది వ్రాత యేమి? ఏ వీధివారు ఏ వృత్తి నుండి ఏ వృత్తికి మాఱిరి, ఎవరు వలసపోయిరి, ఏల పోయిరి? అవ్వలు పాడు దంపుళ్ల పాటలో ఏ కష్టము వినబడుచున్నది? వీనిని అడిగి, వినినదానిని, కన్నదానిని, ఊహించినదానిని వేఱువేఱుగా వ్రాసికొను విద్యార్థి అప్పుడే చరిత్రకారుడగును. ‘మా ఊరివా రిట్టివారు, పొరుగూరివా రట్టివారు’ అను మాట చెవిని పడినప్పుడు, ‘సాక్ష్య మేది?’ యని మెల్లగా నడుగు పౌరుడును అగును. ఊళ్లలో కలహములు పెక్కు ఆ ప్రశ్న యడుగనందువలననే పుట్టుచుండును.

రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయమున ఇరువదియైదేండ్ల పుస్తకముల పట్టికయు, చందాల చిట్టాయు, పాఠకుల సంతకముల పుస్తకమును ఉండును. ఏ యేట ఏ పుస్తకములు వచ్చినవి, మొదట స్త్రీలు ఎప్పుడు చందాదారులైరి, ఏ వీధివారు ఎప్పటినుండి గడప త్రొక్కిరి యను విషయములు వానివలన తెలియును. అవి పాత కాగితములు కావు. ఒక గ్రామము చదువు నేర్చిన చరిత్రమునకు మూలపత్రములు. వానిని చెదలు తినకుండ భద్రపఱచుట పెద్దల ధర్మము. శ్రద్ధతో విప్పి చదువుట పిన్నల ధర్మము. ఆ రెండును నెఱవేఱినచో, స్వర్ణోత్సవ సంచికకు గ్రామ చరిత్రమును ఆ గ్రామపు బిడ్డలే వ్రాయగలరు.