నీటి కింద రెక్క, అతుకులో ఉప్పు

తిరుపతి వాళ్లకు తెప్ప అనగానే పుష్కరిణి గుర్తొస్తుంది. ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే ఐదు రాత్రులు తిరుమల కోనేట్లో ఉత్సవమూర్తులు దీపాల తెప్ప మీద విహరిస్తారు. కోనేటి నడుమ ఉన్న నీరాళి మండపాన్ని 1468లో సాళువ నరసింహరాయలు కట్టించాడని చెబుతారు. అయితే 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, తడ, పులికాట్ సరస్సు, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. కొండలు, చెరువులు తప్ప ఎరగని మనకు సముద్రం వచ్చింది. దానితో పాటు ఇంకో రకం తెప్పా వచ్చింది.

ఈ తీరంలో పట్టపువాళ్లు తరతరాలుగా వాడిన తెప్పలో మేకన్నది ఉండేది కాదు. తేలికపాటి దుంగల్ని నాలుగైదు పక్కపక్కన పేర్చి, కొబ్బరి తాడుతో బిగించి కట్టేవాళ్లు. అలలో పడ్డప్పుడు దుంగలు కాస్త కదిలేవి, తాడు కాస్త సాగేది, దెబ్బ అక్కడే చచ్చిపోయేది. వేట ముగించి ఒడ్డుకొచ్చాక తాడు విప్పేసి, దుంగల్ని విడివిడిగా ఇసుక మీదికి మోసుకెళ్లి ఎండబెట్టేవాళ్లు. నీళ్లు పీల్చి బరువెక్కిన దుంగ ఎండకు తేలికయ్యేది. చెక్కను తొలిచే సముద్రపు పురుగుకు నీళ్లు లేనిదే బతుకు లేదు కాబట్టి ఎండిన దుంగలో అది నిలిచేది కాదు. 1697లో అచ్చయిన యాత్రాగ్రంథంలో విలియం డాంపియర్ అనే ఇంగ్లిష్ నావికుడు కోరమండల్ తీరపు తెప్పల గురించి రాశాడు. అప్పటికే అవి ఎంత పాతవో!

ఈ తెప్పను ముందు పెట్టుకుని నేను చెప్పబోయేది పారిస్ ఒలింపిక్స్‌లో నీటిమీద ఎగిరిన ఒక బోర్డు సంగతి. తెరచాప కట్టిన బోర్డు, దాని అడుగున దాదాపు మీటరు పొడవున నిలువు కంబం, ఆ కంబం చివర చిన్న విమానంలాంటి అమరిక: పొడవాటి నడుము, ముందు ఒక రెక్క, వెనక ఒక రెక్క. గాలి అందుకుని బోర్డు వేగం పుంజుకోగానే నీటి కింది రెక్క పైకి నెడుతుంది. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది కాబట్టి అంత చిన్న రెక్క ఒక మనిషిని, బోర్డును, తెరచాపను కలిపి గాల్లోకి లేపేస్తుంది. బోర్డు నీటిని తాకదు. చప్పుడు ఆగిపోతుంది. కంబమూ రెక్కలూ కలిసిన అమరికను ఫాయిల్ అనీ, దాంతో ఎగిరే ఈ తెరచాప బోర్డును విండ్‌ఫాయిల్ అనీ అంటున్నారు. ఈ వస్తువు చరిత్రంతా ఎగరడం గురించే అనిపిస్తుంది గానీ, దగ్గరికెళ్లి చూస్తే అందులో సగం అతుకుల చరిత్ర.

ఎన్రికో ఫొర్లనీని అనే ఇటలీ ఇంజనీరు 1906లో మజోరే సరస్సు మీద నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి రెక్కలు బిగించిన పడవను గంటకు 68 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. టెలిఫోన్‌తో పేరు తెచ్చుకున్న అలెగ్జాండర్ గ్రాహం బెల్ ప్రపంచయాత్రలో ఆ పడవెక్కి, ఆ మోజుతోనే ఇల్లు చేరాడు. కేసీ బాల్డ్విన్‌తో కలిసి ఆయన తయారుచేసిన హెచ్‌డీ-4 పడవ 1919 సెప్టెంబర్ 9న కెనడాలోని బ్రాడార్ సరస్సు మీద గంటకు 114 కిలోమీటర్లు అందుకుంది. అప్పటికి నీటిమీద అదే ప్రపంచ రికార్డు.

ఆ తర్వాత రెక్కల పడవలు ప్రయాణికుల్ని ఎక్కించుకున్నాయి. 1953లో అదే మజోరే సరస్సు మీద హాన్స్ ఫాన్ షెర్టెల్ రూపొందించిన పడవ రాకపోకలు మొదలుపెట్టింది. 1957లో రొస్తిస్లావ్ అలెక్సేయెవ్ చేసిన 'రకేతా' వోల్గా నది మీద గోర్కీ నుంచి కజాన్‌కు 420 కిలోమీటర్లు 7 గంటల్లో చేరింది. అమెరికా నౌకాదళం పెగసస్ పేరుతో ఆరు యుద్ధనౌకలు కట్టించుకుంది. వేగానికి ఏ లోటూ లేని ఆ ఆరింటినీ 1993లో ఒకేసారి పక్కన పెట్టేసింది. వాటిని నిలబెట్టుకునే ఖర్చే పెద్ద కారణం. రెక్క తయారుచేయడం కన్నా, దాన్ని ఉప్పునీటిలో ఏళ్ల తరబడి పనిచేయించడమే కష్టమని పెద్ద పడవలు అప్పుడే చెప్పాయి. చిన్న బోర్డులకు ఆ పాఠం పాతికేళ్లు ఆలస్యంగా అందింది.

ఇక తెరచాప కథ. అమెరికాలోని పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ అనే ఆయన 1960ల్లో పలక మీద తెరచాప నిలబెట్టి నడిపాడు, 1965లో ఒక పత్రికలో దాని బొమ్మలూ కొలతలూ అచ్చువేశాడు. కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్, హోయిల్ ష్వైట్జర్ 1968లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1970లో అది చేతికొచ్చింది. డ్రేక్ విమానాల ఇంజనీరు. తెరచాప కొయ్య మొదట్లో, అంటే అది బోర్డును కలిసేచోట, ఎటు కావాలంటే అటు వంగి తిరిగే కీలు పెట్టడం వాళ్ల పేటెంటుకు గుండెకాయ. చుక్కాని అక్కర్లేదు, తెరచాపను ముందుకు వంచితే బోర్డు ఒకవైపు, వెనక్కి వంచితే ఇంకోవైపు తిరుగుతుంది. ఈ ఆట మొత్తం ఆ ఒక్క కీలులో పుట్టింది. ఇప్పటికీ మొదట అరిగిపోయేది, పగులు కోసం వేలితో తడిమి చూసుకోవాల్సింది ఆ రబ్బరు కీలే. నడిసముద్రంలో అది తెగితే తెరచాప ఒకవైపు, మనిషి ఒకవైపు. అందుకే దాని పక్కన ఒక గట్టి పట్టీ కూడా కట్టి ఉంచుతారు. 1984 లాస్ ఏంజెలెస్ నాటికి విండ్‌సర్ఫింగ్ అనే ఈ ఆట ఒలింపిక్స్‌లో చేరింది.

రెక్కా బోర్డూ కలవడానికి ఇంకా చాలాకాలం పట్టింది. మోటారు పడవ వెనక కూర్చుని ఎగిరే 'ఎయిర్ చెయిర్' అమెరికాలో 1990 ప్రాంతంలో వచ్చింది. లెయిర్డ్ హామిల్టన్, ఆయన హవాయి మిత్రులు దాని రెక్కను ఊడదీసి నిలబడే బోర్డుకు బిగించి, మంచు మీద వాడే బూట్లు తొడుక్కుని పెద్ద అలల మీద ఎగిరారు. 2005లో రోహన్ వీల్ మాత్ అనే చిన్న పడవను రెక్కల మీద నడిపి ప్రపంచ విజేత అయ్యాడు. 2013 అమెరికా కప్ తెరచాప పడవల పోటీలో 72 అడుగుల పడవలు ఎగరడం చూసి లోకం నోరెళ్లబెట్టింది. అదే ఏడాది మే 9న సాన్‌ఫ్రాన్సిస్కోలో సాధన చేస్తుండగా ఆర్టెమిస్ జట్టు పడవ బోల్తాపడి ముక్కలైంది. ఒలింపిక్ స్వర్ణ విజేత ఆండ్రూ సింప్సన్ దానికింద చిక్కుకుని చనిపోయాడు. ఈ ఆటలో సామాను విరగడమంటే డబ్బు నష్టం ఒక్కటే కాదని ఆ రోజు అందరికీ తెలిసింది.

2016 తర్వాత విండ్‌ఫాయిల్ ఉప్పెనలా వచ్చింది. తొలినాళ్ల కొనుగోలుదారులు కంపెనీలకు ఉచితంగా పరీక్షలు చేసిపెట్టినవాళ్లే అనాలి. చాలామంది తమ దగ్గరున్న పాత బోర్డుకే ఫాయిల్ బిగించారు. పాత బోర్డు అడుగున ఉండే గూడు చేప రెక్కలాంటి అరచేతి వెడల్పు ఫిన్ కోసం చేసింది. ఫాయిల్ కంబం ఆ ఫిన్‌కు రెట్టింపు పొడవు, పైగా అసలు బలమంతా దాని చిట్టచివర. గునపంతో బండను పెకలించినట్టు, మలుపు తిరిగిన ప్రతిసారీ కంబం ఆ గూటిని పెకలిస్తుంది. మొదట వెంట్రుకంత పగులు. అందులోంచి నీరు లోపలి నురగ దిమ్మెలోకి పాకుతుంది, బోర్డు బరువెక్కుతుంది, ఒకరోజు గూడే ఊడొస్తుంది. ఆ దెబ్బతో కంపెనీలు గూటిని లోతు చేసి, పైనుంచి కింది దాకా కార్బన్ గోడలు కట్టి, 'ఫాయిల్‌కు పనికొస్తుంది' అని బోర్డు మీదే అచ్చువేయడం మొదలుపెట్టాయి.

దెబ్బతినే రెండో చోటు మరలు. కంబం కార్బన్, నడుము చాలావాటిలో అల్యూమినియం, మరలు స్టీలు. మూడూ ఉప్పునీటిలో తడుస్తాయి. వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదాన్నొకటి తాకితే అక్కడ చిన్న బ్యాటరీ పుడుతుంది, వాటిలో బలహీనమైనది కరిగిపోతుంది. కార్బన్ లోహం కాకపోయినా కరెంటును పోనిస్తుంది, ఈ వరసలో రాగికన్నా పైమెట్టున నిలబడుతుంది. పాపం అల్యూమినియం దాదాపు అట్టడుగున ఉంటుంది. ఆట అయ్యాక కడగకుండా, విప్పకుండా మూలన పెట్టిన ఫాయిల్‌ను కొన్ని వారాల తర్వాత చూస్తే అతుకు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తుంది. మరను తిప్పబోతే కదలదు. గట్టిగా తిప్పితే మర తలలోని గాడి అరిగి గుండ్రమవుతుంది. ఆ తర్వాత డ్రిల్లు పెట్టి తొలచడమే గతి. ఒక్కోసారి మరతో పాటు అల్యూమినియం లోపలి పురి కూడా ఊడొస్తుంది.

ఈ రోగం కొత్తది కాదు. 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలారం' అనే ఓడ అడుక్కు రాగి రేకులు తొడిగింది, పురుగు తొలచకుండా, నాచు పట్టకుండా. రెండేళ్లకు రేకులు విప్పి చూస్తే రాగి నిక్షేపంగా ఉంది, రాగిని తాకిన ఇనుప మేకులు మాత్రం తినేసినట్టు అయిపోయాయి. కొన్నిచోట్ల మేకులు చెక్కుచెదరలేదు. ఎందుకా అని చూస్తే, రేకులకు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని అక్కడ తీయకుండానే కొట్టేశారు. రాగికీ ఇనుముకూ మధ్య కాగితం అడ్డుపడింది. వోల్టా బ్యాటరీ రావడానికి ఇంకా దాదాపు 40 ఏళ్లుంది, కారణం ఎవరికీ తెలియదు, కానీ మందు మాత్రం దొరికింది. నేటి ఫాయిల్ యజమాని మరకు పూసే తెల్లటి గ్రీజు, అతుకులో పెట్టే పలుచని నైలాన్ బిళ్ల చేసేదీ ఆ కాగితం పనే.

అందుకే పద్ధతిగా ఆడేవాళ్లు ఒడ్డుకు రాగానే మొదట మంచినీళ్లు పోస్తారు. తర్వాత రెక్కలు, నడుము, కంబం విడివిడిగా ఊడదీస్తారు. ఒక్కో మర రంధ్రంలోకి నీళ్లు కొట్టి ఇసుక పోగొడతారు. ఒక్క ఇసుకరేణువు పురిలో మిగిలితే తర్వాతిసారి మర బిగిసినట్టే ఉండి బిగియదు, అలా వదులైన అతుకు వేగంలో వణికి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. ఆరాక గ్రీజు రాసి, మళ్లీ వాడేటప్పుడే బిగిస్తారు. తెప్ప తాడు విప్పిన పట్టపువాడు చేసిందీ ఇదే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. తెప్ప అతుకు మెత్తన, కదిలితేనే దాని ప్రాణం నిలుస్తుంది. ఫాయిల్ అతుకు ఇసుమంత కదిలినా రెక్క కోణం మారిపోయి మనిషిని నీళ్లలో పడేస్తుంది. అది బిగుసుకునే ఉండాలి, అలాగని బిగుసుకుపోకూడదు. దీన్ని చేసేవాళ్ల కష్టమంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

మన ప్రాంతానికి ఇంకో శత్రువు ఎండ. మే నెలలో తిరుపతిలో 42, 43 డిగ్రీలు మామూలే, మూసిపెట్టిన కారులో అది 60 దాటుతుంది. బోర్డులోని మామూలు ఎపాక్సీ జిగురు మెత్తబడే వేడి అక్కడెక్కడో మొదలవుతుంది. బోర్డు లోపలి గాలి వ్యాకోచించి పైపొరను దిమ్మె నుంచి బుడగలా లేపేస్తుంది. అందుకే బోర్డుకు గాలి పోయే చిన్న మర ఒకటి పెడతారు. తెరచాపలోని పారదర్శకమైన పొర ఎండకు పెళుసుబారి, ఒకరోజు చేత్తో మడిస్తే కాగితంలా చిరుగుతుంది. నీడ, గాలి ఆడే చోటు, తెల్లటి సంచి: ఇంతకు మించిన మందు లేదు.

విరిగిందాన్ని బాగుచేసే నేర్పు మాత్రం మన తీరంలోనే ఉంది. తెప్పల చోటును ఇప్పుడు చాలావరకు ఫైబర్ పడవలు తీసుకున్నాయి, 2004 డిసెంబర్ సునామీ తర్వాత మరీ ఎక్కువగా. పడవకు పగులు పడితే దాని చుట్టూ గీకి, ఏటవాలుగా అరగదీసి, పూర్తిగా ఆరనిచ్చి, గాజునార చాపను ముక్కలుగా కత్తిరించి, రెజిన్‌లో గట్టిపరిచే మందు కలిపి, బ్రష్షుతో అద్దుతూ పొరమీద పొర వేస్తారు. మధ్యలో గాలిబుడగ మిగలకూడదు. తడి ఆరకముందే వేస్తే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, నెల తిరక్కుండా ఊడిపోతుంది. ఫాయిల్ బోర్డు పగులుకు వైద్యమూ అడుగు అడుగునా ఇదే, గాజునారకు బదులు కార్బన్, మామూలు రెజిన్‌కు బదులు ఎపాక్సీ అంతే. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ మూడోదశ మోటారు పెంకు కూడా ఈ కుటుంబానిదే, కెవ్లార్ నార, ఎపాక్సీల అల్లిక. ఒకే జిల్లాలో ఒకవైపు రాకెట్టుకు, ఒకవైపు పడవకు ఈ నార, ఈ జిగురు పనిచేస్తున్నాయంటే నాకు గర్వంగానే ఉంటుంది.

మరి పులికాట్‌లో ఫాయిల్ ఎగురుతుందా? ఎగరదు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పుటేరు సరస్సు ఇదే అయినా, సగటు లోతు మీటరు చుట్టూనే. ఒలింపిక్ ఫాయిల్ కంబమే 95 సెంటీమీటర్లు. గాలి పట్టకముందే రెక్క బురదలో దిగబడుతుంది. దిగబడకపోతే గుంజలు పాతి కట్టిన వలలకు చిక్కుతుంది. వల చిరిగితే ఒక కుటుంబం ఆ రోజు పస్తుండాలి. రాజహంసలకూ, అడుగు లోతు చాలే పడవలకూ సరిపోయిన ఆ నీటిని వాటికే వదలాలి. బయటి సముద్రంలోనూ అలలు ఒడ్డునే విరుగుతాయి కాబట్టి మనిషి నడుము లోతు దాటి వెళ్లేదాకా ఫాయిల్‌ను బోర్లా పట్టుకుని మోయాలి.

2019లో గార్డా సరస్సు మీద పోటీ పరీక్షలు పెట్టి, ఒలింపిక్స్ కోసం పాత ఆర్‌ఎస్ఎక్స్ బోర్డు స్థానంలో ఐక్యూఫాయిల్ అనే విండ్‌ఫాయిల్‌ను ప్రపంచ సెయిలింగ్ సంఘం ఎంచుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా మార్సెయ్ సముద్రంలో జరిగిన పోటీల్లో పురుషుల్లో ఇజ్రాయెల్‌కు చెందిన టామ్ రూవెనీ, మహిళల్లో ఇటలీకి చెందిన మార్తా మజ్జెత్తి స్వర్ణాలు గెలిచారు. పోటీలో అందరి సామానూ ఒకే తయారీది కావాలన్నది నియమం. సామాను ఎంతకాలం నిలుస్తుందన్నది అప్పుడు పేద దేశపు ఆటగాడి సమస్య అవుతుంది. ఏడాదికో కంబం మార్చగలిగినవాడితో, ఉన్న ఒక్క కంబాన్నీ కడిగి తుడిచి దాచుకునేవాడు పోటీపడాలి.

ఈలోగా కొందరు తయారీదారులు కంబాన్నీ నడుమునూ ఒకే కార్బన్ ముక్కగా పోతపోస్తున్నారు. అతుకు లేదు, అక్కడ మర లేదు, తెల్లపొడి లేదు. కానీ రాయికి తగిలి నడుము చిట్లితే కంబం కూడా పోయినట్టే, ఆ పొడవాటి ముక్క విమానం సంచిలో ఇమడదు, ధరా ఎక్కువ. అలలోకి మొదటిసారి దిగబోయే కుర్రవాళ్లు సలహా అడిగితే నేను ఇప్పటికీ మరలున్నదే తీసుకోమంటాను, గ్రీజు డబ్బాను కూడా అదే బిల్లులో వేయించుకోమంటాను.