సాఫ్ట్‌వేర్ లైసెన్సు: హార్డ్‌వేర్ లాకు నుంచి ఖాతా వరకు

ప్రస్తావన

గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు రెండు రకాల విత్తనాలు తెలుసు. గుంటూరు సమీపంలోని లాం పరిశోధనా స్థానం రూపొందించిన ఎల్‌సీఏ 334 వంటి మిరప సూటి రకమైతే, మంచి కాయలు ఏరి మరుసటి ఏడాదికి సొంత విత్తనం దాచుకోవచ్చు. సంకర విత్తనాన్ని అలా దాచి విత్తితే అదే దిగుబడి రాదు, ఏటా కొనవలసిందే. డబ్బిచ్చి కొన్న వస్తువుపై కొన్నవారికి ఎంత హక్కు ఉంటుంది? సాఫ్ట్‌వేర్ చరిత్రలోనూ ఇదే ప్రశ్న కనిపిస్తుంది. కంప్యూటర్ భాగాలను తరచుగా మార్చుకొనేవారు దీనిని మరింత శ్రద్ధగా గమనించాలి.

లైసెన్సు పుట్టుక

1960వ దశకంలో పెద్ద కంప్యూటర్లతో పాటు సాఫ్ట్‌వేర్‌ను విడి ధర లేకుండానే ఇచ్చేవారు. 1969 జూన్‌లో ఐబీఎం సంస్థ దానికి విడిగా ధర నిర్ణయించనున్నట్లు ప్రకటించింది. ఆ విధంగా సాఫ్ట్‌వేర్ అమ్మకపు సరుకుగా మారింది. కాని దానిని కాపీ చేయడం సులభం. అందువల్ల పూర్తి అమ్మకానికి బదులు, షరతులతో కూడిన వాడుక అనుమతి, అంటే లైసెన్సు, స్థిరపడింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1984లో చేసిన సవరణ కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. 1994 సవరణ దొంగ కాపీని తెలిసి వాడటాన్ని కూడా నేరంగా పేర్కొంది. అయితే సక్రమంగా పొందిన ప్రోగ్రాము పాడైపోతే నష్టపోకుండా రక్షణ కాపీ తీసుకొనే హక్కును అదే చట్టంలోని 52వ సెక్షన్ కల్పిస్తుంది.

హార్డ్‌వేర్ లాకు

1990వ దశకంలో భారతీయ భాషల డీటీపీ ప్యాకేజీలు పలు సందర్భాలలో హార్డ్‌వేర్ లాకుతో వచ్చేవి. ఇది ప్రింటరు పోర్టుకు తగిలించే చిన్న పరికరం. ఇది ఉంటేనే ప్రోగ్రాము పనిచేస్తుంది. లాకును మరో కంప్యూటరుకు మార్చుకోవచ్చు. కాని ఆ పోర్టు లేని మదర్‌బోర్డులు వచ్చాక పాత లాకును తగిలించే చోటే లేకుండా పోయింది. పైగా ప్యాకేజీ సొంత సంకేతాలలో కూర్చిన తెలుగు పాఠం, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది. అంటే లాకు పోతే ప్రెస్సువారి పాత పని కూడా చిక్కులో పడుతుంది. యూనికోడ్ తెలుగు ఈ రెండవ సమస్యను తొలగించింది.

యాక్టివేషన్

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ, ప్రాసెసర్, హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు వంటి పది అంశాల నుంచి ఒక గుర్తింపు సంఖ్యను తయారుచేసేది. ఒకటి రెండు భాగాలు మార్చితే ఇబ్బంది లేదు. ఎక్కువ భాగాలు మార్చితే మళ్లీ యాక్టివేషన్ అడిగేది. కంప్యూటరుతో పాటు వచ్చే ఓఈఎం లైసెన్సు ఆ యంత్రానికే పరిమితం. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును పాత యంత్రం నుంచి తొలగించి కొత్తదానికి మార్చుకోవచ్చు. 2016లో విండోస్ 10కు వచ్చిన మార్పుతో లైసెన్సును వినియోగదారుని ఖాతాతో ముడిపెట్టే వీలు కలిగింది. మదర్‌బోర్డు మార్చాలనుకొనేవారు ముందుగానే ఈ పని చేసుకోవాలి.

విత్తన లైసెన్సుతో పోలిక

2002లో మన దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి లభించింది. 450 గ్రాముల ప్యాకెట్‌పై సాంకేతిక రుసుమే 1,250 రూపాయల వరకు ఉండేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో మహికో మోన్‌శాంటో బయోటెక్ సంస్థపై ఎం.ఆర్.టి.పి. కమిషన్‌ను ఆశ్రయించింది. ఆ ఏడాది మే నెలలో కమిషన్ తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చిన తరువాత ప్యాకెట్ ధర 750 రూపాయలకు తగ్గింది. 2007లో రాష్ట్రం పత్తి విత్తనాల ధరల నియంత్రణకు చట్టం చేసింది. లైసెన్సు షరతులు మార్చరానివి కావని, ప్రజల తరఫున ప్రభుత్వం ప్రశ్నిస్తే మారతాయని ఈ ఉదంతం తెలుపుతుంది.

ముగింపు

లైసెన్సు మొదట లాకుకు, తరువాత యంత్రానికి, చివరకు ఖాతాకు ముడిపడింది. ప్రతి మార్పులోనూ కాపీని అరికట్టడం కంపెనీ లక్ష్యం. కొన్నదానిని కొత్త యంత్రంలోనూ వాడుకోవడం కొనుగోలుదారుని అవసరం. విత్తన ప్యాకెట్‌పై రాసినది చదివి కొన్నట్లే, సాఫ్ట్‌వేర్ కొనేముందు అది ఏ రకం లైసెన్సో అడిగి, బిల్లు భద్రపరచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఓఈఎం, రిటైల్ లైసెన్సుల మధ్య భేదాన్ని వివరించండి.
2. బీటీ పత్తి ఉదంతం సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు ఏ మేరకు వర్తిస్తుందో చర్చించండి.