నమూనా చెడితే ఫలితం తారుమారు
వైరస్‌ పరీక్షకు చల్లదనమే కీలకం

కొత్తచెరువు: జ్వరంతో వచ్చిన రోగి ముక్కు, గొంతు నుంచి తీసిన స్రావం ప్రయోగశాలకు చేరేలోగా చెడిపోతే, వైరస్‌ ఉన్నా లేదనే ఫలితం రావచ్చు. ఆ వ్యక్తి ధీమాగా ఇంటికెళ్లి కుటుంబ సభ్యులకు వ్యాధి అంటించే ప్రమాదముంది. అందుకే ఆర్‌టీ-పీసీఆర్‌ పరీక్షలో యంత్రానికి ఎంత ప్రాధాన్యం ఉందో, నమూనా భద్రతకూ అంతే ఉంది.

2020లో కరోనా ప్రబలినప్పుడు రాష్ట్రంలో పరీక్షలకు అనుమతి పొందిన ప్రయోగశాలల్లో అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాలది ఒకటి. కొత్తచెరువు నుంచి అనంతపురం సుమారు 70 కిలోమీటర్లు. వేసవి ఎండల్లో ఇంత దూరం ప్రయాణించే నమూనాకు ప్రతి దశలోనూ జాగ్రత్త అవసరం.

ఎందుకు చెడుతుంది?
కరోనా, ఇన్‌ఫ్లూయెంజా, డెంగీ వైరస్‌ల జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. చర్మంపై, లాలాజలంలో ఉండే కొన్ని ఎంజైములు దీనిని ముక్కలు చేస్తాయి. వేడికి ఈ ప్రక్రియ వేగమందుకుంటుంది. పరీక్షలో వెదికే భాగమే తెగిపోతే యంత్రం వైరస్‌ను గుర్తించలేదు.

సేకరణ ఇలా..
నైలాన్‌ లేదా పాలిస్టర్‌ పోగుల స్వాబ్‌లే వాడాలి. దూది చుట్టిన చెక్కపుల్ల పనికిరాదు. స్వాబ్‌ను వెంటనే వీటీఎం ద్రావణమున్న గొట్టంలో ఉంచి మూత బిగించాలి. లవణాలు, ప్రొటీన్‌, యాంటీబయాటిక్‌లు కలిగిన ఈ ద్రావణం స్రావాన్ని ఎండిపోనీయదు, బ్యాక్టీరియాను పెరగనీయదు.

ఎంత చల్లదనం?
సేకరించిన నమూనాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్‌ మధ్య ఉంచి 72 గంటల్లోగా పరీక్షించడం మేలు. అంతకంటే ఆలస్యమయ్యేట్లయితే మైనస్‌ 70 డిగ్రీలు, అంతకు దిగువన భద్రపరిచి, పొడి మంచులో పంపాలి. ఇళ్లలో వాడే ఫ్రీజర్‌ ఇందుకు చాలదు. గడ్డకట్టిన నమూనాను పదేపదే కరిగించి మళ్లీ గడ్డకట్టించడం మరింత హానికరం.

మూడు పొరల రక్షణ
గొట్టాన్ని పీల్చే దూదితో చుట్టి లీకవని రెండో డబ్బాలో, దానిని గట్టి వెలుపలి పెట్టెలో ఉంచాలి. ఐస్‌ప్యాక్‌లు రెండో డబ్బాకు వెలుపల పేర్చాలి. గొట్టంపై రోగి పేరు, గుర్తింపు సంఖ్య, సేకరించిన తేదీ స్పష్టంగా రాయాలి. వివరాల పత్రాన్ని తడవకుండా విడిగా ప్లాస్టిక్‌ సంచిలో పెట్టాలి.

బ్లీచింగ్‌తో జాగ్రత్త
కొన్ని గొట్టాల్లో వైరస్‌ను చంపి ఆర్‌ఎన్‌ఏను కాపాడే గ్వానిడిన్‌ థయోసైనేట్‌ ద్రావణం ఉంటుంది. ఇది ఒలికినచోట బ్లీచింగ్‌ ద్రావణం పోయరాదు. రెండూ కలిస్తే విషవాయువు వెలువడుతుంది. గొట్టంపై ఉన్న చీటీ చదివాకే శుభ్రపరచాలి.

లక్షణాలు తగ్గకుండా ఉండి, ఫలితం మాత్రం లేదని వస్తే వైద్యుని సలహాతో మళ్లీ నమూనా ఇవ్వడమే క్షేమం.