పోరంబోకు

పనీపాటా లేకుండా తిరిగేవాణ్ని ‘పోరంబోకు వెధవ’ అని తిట్టేస్తాం. ఈ తిట్టు పుట్టింది రెవెన్యూ కచేరీలో. తమిళంలో ‘పుఱం’ అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉన్న నేల పుఱంపోక్కు. మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల దారిన అది మన అడంగళ్లలోకీ వచ్చింది: చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, మేత పోరంబోకు. తెలంగాణలో చెరువు నేలకు ‘శిఖం’ అన్న పేరుంది. అదృష్టం, దాన్నెవరూ తిట్టు చేయలేదు.

శిస్తు రాదంతే, ఆ నేల ఖాళీగా ఏమీ ఉండదు. చెరువు పోరంబోకు వానాకాలం నీట మునుగుతుంది, వేసవికి బయటపడుతుంది. ఆ తడి అంచునే తుంగ, జమ్ము, నత్తలు. నత్తల వెనకాలే నత్తగుల్ల కొంగ. దాని ముక్కు మూసినా రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది. ఆ ముక్కుతోనే గుల్లలోంచి నత్తను లాగి తింటుంది. నీరు తగ్గాక గేదెలు మేతకు దిగుతాయి.

శిస్తు కట్టని నేలకు కాపలా కూడా తక్కువే. ముందు ఒక గుడిసె, తర్వాత ప్రహరీ, ఆపైన లేఅవుట్. పంజాబ్‌లో ఒక ఊరి చెరువు ఆక్రమణపై సుప్రీంకోర్టు 2011లో తీర్పిస్తూ, గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణల తొలగింపునకు పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. తీర్పు వచ్చింది గానీ, వాన గట్టిగా కురిస్తే నీళ్లు నేటికీ ఆ లేఅవుట్లలోకే వస్తున్నాయి.