రచ్చ చేయడం (జాతీయం)

రచ్చ చేయడం అనేది, ఇంట్లో సర్దుకుపోయే చిన్న విషయాన్ని పదిమంది నోళ్లలో పడేలా పెద్దది చేయడం, నిష్కారణంగా అల్లరి చేయడం అనే అర్థాల్లో వాడే తెలుగు జాతీయం. ఇందులోని రచ్చ మొదట అల్లరికి పేరు కాదు, చోటుకు పేరు. ఊరి నడుమ రావి, వేప, మర్రి వంటి చెట్టు నీడన, సాధారణంగా రాతితో కట్టిన అరుగు (రచ్చబండ) వద్ద పెద్దలు కూడి తగవులు విచారించిన బహిరంగ స్థలాన్ని రచ్చ అనేవారు.

ఈ మాటను అచ్చతెలుగుగా భావించడం కద్దు గాని, వీధి అనే అర్థంగల సంస్కృత ‘రథ్యా’ శబ్దం ప్రాకృతంలో ‘రచ్ఛా’ అయి తెలుగులో రచ్చగా నిలిచిందనే వివరణే బలమైనది. ‘మిథ్యా’ ప్రాకృతంలో ‘మిచ్ఛా’ కావడం ఇలాంటి మార్పే.

స్థలనామం అల్లరికి పేరైన తీరును రెండు విధాలుగా ఊహించవచ్చు. గుమిగూడినవారి కేకల వల్ల ఈ అర్థం వచ్చిందనుకోవడం సులభమే. అయితే ‘రచ్చకెక్కడం’, ‘రచ్చకీడ్చడం’ అనే పలుకుబళ్లలో శబ్దం ప్రసక్తి లేదు, గుట్టు బయటపడటమే ఉంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అనే సామెత సైతం ఇంటికి ఎదురుగా రచ్చను నిలుపుతుంది. అందువల్ల ఇంటి సంగతిని అనవసరంగా బయటికి లాగడమే తొలి భావమై, గోల అనే అర్థం బహుశా ఆ తరువాత చేరి ఉంటుంది.

తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వ్యవహారంలో ఈ భావానికి ‘లొల్లి’ ఎక్కువగా వినిపిస్తుంది. ‘గింత దానికి గంత లొల్లి ఎందుకు’ అనడం పరిపాటి. ఇక్కడ గమనించదగినది ‘పంచాయితి’. తీర్పు చెప్పే పెద్దల సభకు పేరైన ఈ మాట తెలంగాణ వాడుకలో తగాదాకే పేరయి, ‘మీకేం పంచాయితి’ అంటే మీ గొడవేమిటనే అర్థమిస్తుంది. తగవు తీర్చేదాని పేరు తగవుకు అంటుకోవడం రచ్చకు మాత్రమే పరిమితం కాదనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. నిరూపితమైన నిర్ణయమనే అర్థంగల సంస్కృత ‘రాద్ధాంతం’ తెలుగులో పనికిమాలిన వాదం కావడం కూడా ఈ కోవలోకి వస్తుంది.

‘రచ్చ రచ్చ’ అనే జంటపదం ఇటీవల ఉత్సాహపు హోరుకు మెప్పుగానూ వినిపిస్తోంది. 2012లో ‘రచ్చ’ పేరుతో చలనచిత్రం వచ్చింది.

పాత అర్థం రాజకీయాల్లో నిలిచి ఉంది. రచ్చబండ అనే ప్రభుత్వ కార్యక్రమం ఆరంభాన్ని 2009గా పేర్కొనడం పూర్తిగా సరికాదు. దాన్ని ప్రారంభించడానికి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆ ఏడాది సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించగా, కార్యక్రమం 2011లో అమలైంది. 2022 మేలో కాంగ్రెస్ పార్టీ రైతు రచ్చబండను, తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త ఆచార్య జయశంకర్ స్వగ్రామమైన అక్కంపేటలో నిర్వహించింది.